మార్కు పోగొట్టుకోండి, గడువు పెంచుకోండి

చిన్నప్పుడు ఒక్క మార్కు పోతే ఇంట్లో చీవాట్లు. విమ్ ఎడిటర్‌లో మార్కు పోతే శుక్రవారం గడువు సోమవారానికి జరుగుతుంది. డల్లాస్‌లో పదేళ్లుగా ఈ పద్ధతితోనే హాయిగా ఉన్నాను. మీరూ బాగుపడండి.

1. ఒక్క అక్షరంతో సరిపెట్టుకోండి. ఎం కొట్టి ఏదైనా చిన్న అక్షరం కొడితే, తర్వాత తిరిగి రావడానికి వీలుగా కర్సర్ ఉన్నచోట మార్కు పడుతుంది. అలాంటివి 26 ఉన్నాయి. మీరు మాత్రం అన్నిటికీ ‘ఏ’ వాడండి. కొత్తది పడగానే పాతది మాయం, బుర్రకు బరువుండదు. 1976లో బర్కిలీలో విమ్‌కు మూలమైన వీఐ రాసిన బిల్ జాయ్ 300 బాడ్ మోడెమ్‌తో నెట్టుకొచ్చాడు. కమాండ్లు ఒకటి రెండు మీటల్లో ముగిసేది అందుకే. ఆయన పొదుపును మనం ఇంకాస్త ముందుకు తీసుకెళదాం.

2. పెద్ద అక్షరాల జోలికి వెళ్లకండి. అవి ఫైలు పేరునూ గుర్తుపెట్టుకుని, ఎక్కడున్నా అసలు చోటికి లాక్కుపోతాయి.

3. వరుసను జరపాలంటే డీడీ కొట్టి తీసేయండి, పీ కొట్టి మరోచోట పెట్టండి. వరుస వస్తుంది, మార్కు రాదు. అదే కోలన్ కొట్టి మూవ్ కమాండ్ ఇస్తే మార్కు కూడా వరుసను పట్టుకునే వెళుతుంది. అలాంటి కమాండ్లు నేర్చుకోకండి. డీడీ తెలిస్తే జీవితం గడిచిపోతుంది. ఎవరైనా అడిగితే, “నేనేం చెయ్యలేదన్నా, వరుస అటు జరిపానంతే” అనండి. అబద్ధం కూడా కాదు.

4. వరుస నంబరును పసుపు చీటీ మీద రాసి మానిటర్‌కు అంటించండి. పైన నాలుగు వరుసలు చేరిస్తే మార్కు తనంతట తానే కిందికి సర్దుకుంటుంది. చీటీ సర్దుకోదు. 412 దగ్గర వెతుకుతూ ఉండండి, మీ పని 416లో క్షేమంగా ఉంటుంది. వెతుకుతున్నంతసేపూ స్క్రీన్ కదులుతుంది కాబట్టి వెనకనుంచి చూసేవాళ్లకు కష్టజీవిలా కనబడతారు.

5. యూ మీట మీద వేలు పెట్టకండి. అన్‌డూతో చిన్న అక్షరాల మార్కులు తిరిగొచ్చేస్తాయి, రెండు రోజుల సెలవు క్షణంలో ఆవిరవుతుంది. అన్‌డూ ఫైలు దాచే సెట్టింగు ఆపి ఉందో లేదో చూసుకుని, డబ్ల్యూక్యూ కొట్టి బయటికి రండి. లీడ్‌కు “అన్నా, మార్కు పోయింది” అని మెసేజ్ పెట్టండి. టీ పెట్టుకోండి. అల్లం దంచే తీరిక కూడా ఉంది.