పరదేశులను పంపించే పద్ధతి: చిన్న ప్రభువులవారికి విన్నపం

ప్రభూ పుయీ, 1908లో పట్టాభిషేకం నాడు తమరు గుక్కపట్టి ఏడ్చినందుకు చింతించకండి. చైనా చింగ్ వంశపు సింహాసనం మీద కూర్చున్న పెద్దవాళ్ల కంటే మూడేళ్లు నిండని తమరికే పరిస్థితి బాగా అర్థమైనట్టుంది. అయినా పరదేశులతో ఎలా మెలగాలో ఈ ముసలి సేవకుడు నాలుగు మాటలు చెప్పకపోతే తప్పు.

పరదేశి రాగానే వాడి ఓడలో ఫిరంగులెన్నో లెక్కపెట్టకండి. మోకాళ్లు వంగుతాయో లేదో చూడండి. మూడుసార్లు మోకరిల్లాలి, తొమ్మిదిసార్లు నుదురు నేలకు ఆనించాలి. 1793లో ఇంగ్లండు రాయబారి మెకార్ట్నీ ఒక్క మోకాలే వంచుతానన్నాడు. వాడు తెచ్చిన గ్రహయంత్రం, దూరదర్శినులు, ఫిరంగుల సంగతి ఎవరికి కావాలి? మా దగ్గర అన్నీ ఉన్నాయని ఛియెన్‌లుంగ్ ప్రభువు జార్జి రాజుకు రాయించి పంపారు. సామాను కొట్లో పడేశారు. 1860లో వేసవి మహలు దోచుకోవడానికి వచ్చిన ఇంగ్లీషు సిపాయిలకు తమ ఫిరంగులు తమకే చెక్కుచెదరకుండా దొరికాయి. పరాయి సొమ్ము మనకెందుకు?

వ్యాపారమంతా ఒక్క కాంటన్ రేవులోనే జరగనివ్వాలి. మన భాష వాళ్లకు ఎవరూ నేర్పకూడదు. 1759లో ఫ్లింట్ అనే వర్తకుడు మన భాషలోనే అర్జీ పెట్టుకున్నాడు. వాడిని మూడేళ్లు మకావులో నిర్బంధించి, అర్జీ రాసిపెట్టిన మనవాడి తల తీయించాం. ఆ తర్వాత ఫిర్యాదులు బాగా తగ్గాయి.

ఇక యుద్ధం, అంటే ఇంగ్లీషువాళ్లతో వచ్చిన నల్లమందు యుద్ధం. ఇది కాస్త శ్రద్ధగా వినండి. మన టీ, రేవల్చిన్ని అందకపోతే వాళ్లు మలబద్ధకంతో చస్తారని లిన్ జెషూ అంతటి పండితుడే నమ్మాడు కనుక తొందరపడనక్కర్లేదు. చావకుండా ఓడలతో వస్తే అది మంత్రప్రయోగం. 1841లో సేనాని యాంగ్ ఫాంగ్ కాంటన్‌లో ఇల్లిల్లూ తిరిగి ఆడవాళ్ల మలపాత్రలు పోగుచేయించి వాళ్ల ఫిరంగుల ఎదుట పెట్టించాడు. ఫిరంగులకు ముక్కు లేకపోవడం ఆయన తప్పు కాదు.

1842లో శత్రువు చేతిలో ఉన్న నింగ్బో మీద దాడి ఇంకా మేలైన పాఠం. రాజబంధువు యీజింగ్ ముందుగా విజయవార్త రాసే పోటీ పెట్టి, బాగా రాసినవాళ్లకు వరుస కట్టాడు. రాత పని అయ్యాకే కదా కత్తి పని! ముహూర్తం పులి సంవత్సరం, పులి మాసం, పులి దినం, పులి గడియ. కోతుల వీపున టపాకాయలు కట్టి శత్రువు ఓడల మీదికి విసరాలన్న పథకం కూడా ఉండేదని ఆ దండులోనే ఉన్న ఒక కవి రాసిపెట్టాడు. ఓడల దగ్గరికి వెళ్లేవాడు మాత్రం ఒక్కడూ దొరకలేదట. మనవాళ్లు ఊళ్లోకి చొరబడ్డారు, ఇరుకు వీధుల్లో ఫిరంగి దెబ్బకు కుప్పలుగా పడ్డారు. విజయవార్త మాత్రం చాలా బాగా కుదిరింది.

శత్రువు దేశం ఎంత దూరమో యుద్ధం మొదలైన మూడో ఏడు అడిగితే సరిపోతుంది. దావ్‌గ్వాంగ్ ప్రభువు అప్పుడే అడిగారు. ఇరవై రెండేళ్ల ఆడమనిషి రాణి ఎలా అయింది, మొగుడున్నాడా అని కూడా అడిగారు.

ఓడిపోతే డబ్బిచ్చి పంపేయడమే. నాన్‌జింగ్ సంధిలో 2 కోట్ల 10 లక్షల వెండి డాలర్లు, హాంకాంగ్ ఇచ్చాం. పరదేశుల మీద తిరగబడ్డ బాక్సర్ల గొడవ తర్వాత, 1901లో, మన తూకంలో 45 కోట్ల టేల్‌ల వెండికి ఒప్పుకున్నాం. కంగారేమీ లేదు, వాయిదాలు ముప్పై తొమ్మిదేళ్లు. ఆఖరిది 1940లో. అప్పటికి తమరికి ముప్పై నాలుగేళ్లు వస్తాయి. రసీదు మీద రాజముద్ర తమ చేత్తోనే వేయవచ్చు.