ఎల్టీసీ అంకుల్ అండమాన్ ప్లాను

మలక్‌పేట నుంచి ఎల్బీనగర్ దాకా మెట్రో స్తంభాలకు కుడీ ఎడమా ఉన్న కాలనీల్లో, అపార్ట్‌మెంటుకు ఒకరు చొప్పున ఎల్టీసీ అంకుల్ ఉంటాడు. కంచన్‌బాగ్ డీఆర్డీవో ల్యాబుల్లోనో, ఏజీ ఆఫీసులోనో, పోస్టల్ డిపార్ట్‌మెంటులోనో ఉద్యోగం. యాభై దాటింది. సముద్రాన్ని విశాఖలో ఒక పెళ్ళికి పోయినప్పుడు చూశాడు, అదీ ప్యాంటు మడిచినంత మేరకే. పే లెవెల్ ఏడు. సొంతూరు నల్గొండ. ఈ చివరి రెండూ లేకపోతే ఆయన గురించి రాయడానికేమీ లేదు.

కేంద్ర ప్రభుత్వ ఉద్యోగి నాలుగేళ్ళ బ్లాకులో రెండుసార్లు ఎల్టీసీ, అంటే సెలవు ప్రయాణ రాయితీ, వాడుకోవచ్చు. రెండుసార్లూ సొంతూరికే పోవచ్చు. లేదంటే ఒకటి సొంతూరికి, ఇంకొకటి దేశంలో ఎక్కడికైనా. మలక్‌పేటలో ఉండేవాడికి నల్గొండ ఎల్టీసీ అంటే వంద కిలోమీటర్ల బస్సు టికెట్. ఆ క్లెయిము కోసం ఆఫీసులో తిరిగే తిరుగుడుకు నల్గొండ నడిచిపోయి రావచ్చు. అందుకని ఏళ్ళ తరబడి ఆయన దాని జోలికే పోలేదు. అలాంటిది, 2014 సెప్టెంబర్ 26 నుంచి అమల్లోకి వచ్చిన ఒక ఉత్తర్వు ఆయన జాతకం మార్చేసింది. సొంతూరి ప్రయాణం ఒకటి వదులుకుంటే దాని బదులు ఈశాన్య రాష్ట్రాలకో, జమ్మూకశ్మీర్‌కో, అండమాన్‌కో పోవచ్చు. విమానం ఎక్కే అర్హత లేని లెవెల్ వాళ్ళు సైతం కోల్‌కతా, చెన్నై, విశాఖల్లో ఎక్కడినుంచైనా పోర్ట్ బ్లెయిర్‌కు విమానంలో పోవచ్చు.

నల్గొండ బస్సు టికెట్ ఇచ్చేసి అండమాన్ విమానం టికెట్ పుచ్చుకోవడం! ఆ రాత్రి అంకుల్‌కు నిద్ర పట్టలేదు.

ఇందులో ఇంకో తీపి ఉంది. సొంతూరూ ఉద్యోగం చేసే ఊరూ ఒకటే అయితే ఈ మార్పిడి కుదరదు. పై అంతస్తులో ఉండే సహోద్యోగి అస్మాన్‌గఢ్‌లో పుట్టి, మలక్‌పేటలోనే పెరిగి, సర్వీసు బుక్కులో హైదరాబాద్ అని రాయించుకున్నాడు. లిఫ్టులో కనబడినప్పుడల్లా అంకుల్ ఆయన భుజం తట్టి, "ఏం జేస్తం సార్, ఎక్కడ పుట్టాల్నో మన చేతుల ఉండదు గదా" అని ఓదారుస్తాడు.

రేసుల రోజున మలక్‌పేట రేస్‌కోర్సు గేటు దగ్గర కొందరు రేస్ బుక్ పట్టుకుని, ఏ గుర్రం తాత ఏ ఏడాది ఎంతలో గెలిచాడో పెన్సిలుతో గీతలు గీస్తుంటారు. అంకుల్ కేంద్ర సిబ్బంది శాఖ (డీవోపీటీ) ఉత్తర్వులను అచ్చం అలాగే చదువుతాడు. సర్కారు ఇచ్చేది ప్రయాణం ఖర్చే, హోటలూ తిండీ మనవే. అయితే ఎల్టీసీతో పాటు పది రోజుల ఆర్జిత సెలవు అమ్ముకోవచ్చు కాబట్టి హోటల్ ఖర్చు అందులోంచి వెళ్ళిపోతుంది. విమానం టికెట్ బామర్ లారీ, అశోక్ ట్రావెల్స్, ఐఆర్‌సీటీసీ, ఈ మూడింటి దగ్గరే కొనాలి. మరెక్కడైనా రెండు వందలు తక్కువకు దొరికి కొన్నావా, మొత్తం డబ్బు మునిగినట్టే. అడ్వాన్సు తీసుకుంటే తిరిగొచ్చాక నెలలోపు బిల్లు పెట్టాలి. ఇదంతా ఆయనకు కంఠతా వచ్చు. సముద్రం సంగతే ఇంకా రాలేదు.

ఆ పథకానికి రెండేళ్ళే ఆయుష్షు. 2016లో పొడిగించారు. మళ్ళీ 2018, 2020, 2022, 2024. ఇప్పటి గడువు 2026 సెప్టెంబర్ 25. కనుక ప్రతి సరి సంవత్సరం ఆగస్టు వచ్చేసరికి అంకుల్‌కు బీపీ పెరుగుతుంది. సెప్టెంబర్‌లో పొడిగింపు ఉత్తర్వు రాగానే తగ్గుతుంది. "ఇంకా రెండేండ్లు టైముంది, తొందరేముంది" అని ఫైలు మూసి బీరువా మీద పెట్టేస్తాడు.

ఫైలు తెరిచింది 2016లో. మొదటి పేజీలో పాత ఎర్ర ఇరవై రూపాయల నోటు అంటించి ఉంటుంది. దాని వెనుక కొబ్బరిచెట్ల నడుమ కనిపించేది అండమాన్ దృశ్యమే. ఆ తర్వాత వచ్చేది హేవ్‌లాక్ దీవిలో రాధానగర్ బీచ్. ఆసియాలోకెల్లా మంచి బీచని టైమ్ పత్రిక 2004లోనే చెప్పింది. ఆయన ప్లాను వేస్తూ ఉండగానే 2018 డిసెంబర్‌లో హేవ్‌లాక్ కాస్తా స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ ఐలాండ్ షహీద్ ద్వీప్ అయింది, రాస్ ఐలాండ్‌కు నేతాజీ పేరు పెట్టారు. ఎర్ర పెన్నుతో అన్నీ దిద్దాడు. 2024 సెప్టెంబర్‌లో పోర్ట్ బ్లెయిరే శ్రీ విజయపురం అయిపోయింది. దీవులన్నీ పేర్లు మార్చుకున్నాయి కానీ అంకుల్ ప్లాను మాత్రం మారలేదు.

దారి కూడా మారలేదు. శంషాబాద్‌లో నేరుగా విమానమెక్కితే రెండున్నర గంటల్లో అండమాన్. ఆయన లెవెల్‌కు ఆ యోగం లేదు. చార్మినార్ ఎక్స్‌ప్రెస్‌లో ఒక రాత్రి కూర్చుని చెన్నై పోయి, అక్కడ విమానమెక్కాలి. తేడా డబ్బు చేతి నుంచి పెట్టుకుంటే సరిపోతుంది కదా అని అడిగిన అల్లుణ్ణి ఆయన ఒక్క చూపు చూశాడు. ఆ చూపు తర్వాత అల్లుడు సంక్రాంతికే వచ్చాడు.

ఇక ఇంట్లో వాళ్ళు. ఎల్టీసీ లెక్కలో ఆధారపడిన తల్లిదండ్రులు కుటుంబమే, అత్తమామలు కాదు. ఈ ఒక్క నిబంధన ఆ ఇంట్లో రేపిన చిచ్చుకు లెక్కలేదు. "మీ అమ్మకు ఫ్రీ, మా అమ్మకు టికెట్టా?" అని ఆంటీ. "నేను రాసిన రూలా అది?" అని అంకుల్. ఆ ఫ్రీ టికెట్ దక్కిన నల్గొండ పెద్దమ్మేమో గుండెలు బాదుకుంటుంది. "ఏం తప్పు జేసిన్రా కొడకా, నన్ను అండమాన్‌ల పడేస్తనంటున్నవ్?"

ఆమె భయం ఉత్తది కాదు. చాదర్‌ఘాట్ వంతెన దాటితే కోఠిలో రెసిడెన్సీ భవనం ఉంది. 1857 జులై 17న తుర్రేబాజ్ ఖాన్, మౌల్వీ అల్లావుద్దీన్ జనాన్ని వెంటేసుకుని దానిమీద దాడి చేశారు. తుర్రేబాజ్ ఖాన్‌ను కాల్చి చంపారు. మౌల్వీని అండమాన్ పంపారు. ఈ చుట్టుపక్కల నుంచి సర్కారు ఖర్చుతో అక్కడికి పోయిన తొలినాటి ప్రయాణికుల్లో ఆయనొకడు. టికెట్ ఒకవైపే, ఆయన మళ్ళీ రాలేదు. అంకుల్ ఈ సంగతి తల్లికి చెప్పడు. అల్లూరి అనుచరుడు గాం మల్లుదొర కథ చెప్తాడు. మల్లుదొర అండమాన్ జైలు నుంచి బతికి తిరిగొచ్చి, 1952లో విశాఖ నుంచి లోక్‌సభకు గెలిచాడు. "చూసినవా అమ్మా, అండమాన్ పోయొస్తే ఎంపీ అయిండు" అంటాడు. పెద్దమ్మ నమ్మినట్టు కనబడదు.

ఆంటీ అనుమానాలు వేరు. అంత దూరంలో మనోళ్ళు ఉంటారా? 2011 జనాభా లెక్కల్లో ఆ దీవుల మొత్తం జనం 3,80,000 చిల్లర. అందులో సుమారు 50,000 మంది తెలుగువాళ్ళు. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి పోయి స్థిరపడ్డ కుటుంబాలు బోలెడు. అంకుల్ ఈ లెక్క చదివి వినిపిస్తే, "మరింకేం, పచ్చళ్ళు మోసే పని తప్పింది" అని ఆమె ఒక డబ్బా తగ్గించింది. దీవి నుంచి దీవికి పోయే ఓడలో కడుపులో తిప్పుతుందేమోనని అంకుల్ మెడికల్ షాపులో అవోమిన్ మాత్రలు కొన్నాడు. ఎక్స్‌పైరీ అయిపోతే మళ్ళీ కొన్నాడు. దిల్‌సుఖ్‌నగర్ ఫుట్‌పాత్ మీద బేరమాడిన గడ్డి టోపీని ఇప్పుడు మనవడు క్రికెట్‌కు పెట్టుకుంటున్నాడు. "నీళ్ళు చూడాలంటే అంత దూరమెందుకు నాన్నా, గట్టి వానపడ్డ రోజు మలక్‌పేట రైలు బ్రిడ్జి కిందకి పోదాం" అని కొడుకు ఎగతాళి.

అంకుల్‌ను పిసినారి అనడం తేలిక, కానీ తప్పు. కూతురి పెళ్ళికి అప్పుచేసి మరీ ఖర్చుపెట్టిన మనిషి. ఆయనకు రుచించేది హక్కు. జీతం చీటీలో లేని, ఎవరూ ఇవ్వకుండా ఆపలేని, కాయితం మీద తన పేరున రాసి ఉన్న ఒక సముద్రం. దాన్ని పోయి చూసేస్తే ఇంకేం మిగులుతుంది?

ఆంటీకి ఈ తత్వం పట్టలేదు. ఈ జనవరిలో చిట్టీ పాడిన డబ్బుతో, ఇద్దరు చెల్లెళ్ళనూ తల్లినీ వెంటబెట్టుకుని శంషాబాద్‌లో విమానమెక్కింది. అంకుల్‌కు సెలవుంది గానీ, బిల్లుకు రాని ప్రయాణం చేయడానికి మనసొప్పలేదు. ఆయన ఇంట్లోనే ఉండి, రెండు పూటలా పప్పుచారు కాచుకుంటూ, ఏ రోజు ఎక్కడుండాలో ఫైలు చూసి వాట్సాప్‌లో పంపుతూ వచ్చాడు. మూడో రోజు సాయంత్రం రాధానగర్ నుంచి వీడియో కాల్. 2020 ఆగస్టులో ప్రారంభించిన, చెన్నై నుంచి సముద్రం అడుగున వేసిన కేబుల్ స్వరాజ్ ద్వీప్ దాకా పోయింది కాబట్టి ఆంటీ మొహం స్పష్టంగానే కనబడింది. వెనకాల అంతా చీకటి.

"ఏమండీ, సూర్యాస్తమయం ఆరుంపావుకని రాసిండ్రు గదా మీ ఫైలుల? ఈడ ఐదుంపావుకే మునిగిపోయిండు. మేము టీ తాగొచ్చేసరికి ఏం లేదు."

హైదరాబాద్ కంటే అంత తూర్పున ఉండి, అదే గడియారం వాడుకుంటే అట్లనే ఉంటుంది మరి. అంకుల్ ఎర్ర పెన్ను తీసి ఆరును కొట్టేసి ఐదు వేశాడు. పక్కన తేదీ వేసి పొట్టి సంతకం పెట్టాడు.

"సరే గానీ, బోర్డింగ్ పాసులు పారేయకుండ్రి" అన్నాడు.

"అవెందుకండీ? మన పైసలతోనే వచ్చినం గదా!"

"ఉండనీ. ఫైలుల పెడ్త."