ఉబ్బిన బ్యాటరీ చెప్పిన సంగతులు

నా వయసును ఏళ్లతో కొలవకండి. ఒకే కార్ఖానాలో ఒకే రోజు తయారైన రెండు బ్యాటరీల్లో ఒకటి నాలుగేళ్ల తర్వాత కూడా దిటవుగా పనిచేస్తుంది, ఇంకొకటి రెండేళ్లకే డీలా పడిపోతుంది. ఎన్నిసార్లు ఛార్జింగ్ పెట్టారన్నది ఆ తేడాలో ఒక భాగమే. ఎంత వేడిలో గడిపాం, ఎంతసేపు నూటికి నూరు శాతం మీద ఉన్నాం అన్నవి మమ్మల్ని ఎక్కువగా అరగదీస్తాయి. ఆ రెండూ ఒకేసారి మీద పడితే ఇక చెప్పనక్కర్లేదు.

రంగారెడ్డి జిల్లా మొయినాబాద్ మండలం సురంగల్‌లో పూలు పండించే ఒక ఇంటి ఫోన్‌లో బతికాను నేను. మండలానికి అటు గండిపేట, ఇటు హిమాయత్‌సాగర్ జలాశయాలు. చేవెళ్ల దాకా గులాబీ, చామంతి, బంతి తోటలు, పాలీహౌస్‌లు, ఆకుకూరల మడులు. కోసిన పూలు హైదరాబాద్‌లోని గుడిమల్కాపూర్ మార్కెట్‌కు పోతాయి. ఆ ఇంటి ఇల్లాలిని వాడకట్టంతా అక్క అంటుంది, నేనూ అట్లాగే అంటాను. తెల్లవారకముందే ఆమెకు ఫోన్ కావాలి. పూలబుట్టలు వేసుకుపోయే ఆటో ఎక్కడిదాకా వచ్చిందో, మార్కెట్లో ఏజెంటు ఏం ధర చెబుతున్నాడో ఫోన్‌లోనే తెలియాలి. బ్యాంకులో పైసలు పడ్డ మెసేజ్, బిడ్డ కాలేజీ ఫీజు, మందుల దుకాణం బాకీ, అన్నీ అందులోనే. నేను ఆరిపోతే ఆ ఇంట్లో పని ఆగుతుంది. అందుకే నన్ను ఎప్పుడూ నిండుగా ఉంచాలని ఆమె ఆరాటపడేది. ఆ ఆరాటం నాకు అర్థమయ్యేది.

నా లోపల ఉన్నదేమిటో చెబుతాను. ఒక పల్చటి రాగి రేకు, దానికి గ్రాఫైట్ పూత. ఒక అల్యూమినియం రేకు, దానికి లిథియం కోబాల్ట్ ఆక్సైడ్ పూత. రెంటి మధ్యా వెంట్రుక కంటే పల్చటి ప్లాస్టిక్ పొర. అన్నిటినీ చుట్టగా చుట్టి, లిథియం లవణం కలిపిన ద్రావణంలో తడిపి, వెండి రంగు సంచిలో పెట్టి అంచులు మూసేశారు. ఛార్జింగ్ పెడితే లిథియం అయాన్లు కోబాల్ట్ వైపు నుంచి బయల్దేరి గ్రాఫైట్ పొరల్లోకి చేరతాయి. ఫోన్ వాడుతుంటే తిరిగి వస్తాయి. అంతే నా పని, పోవడం రావడం. కానీ ప్రతిసారీ కొంత లిథియం గ్రాఫైట్ మీద పేరుకునే ఒక సన్నటి పొరలో చిక్కుకుపోతుంది. చిక్కుకున్నది మళ్లీ పనికి రాదు. వేడి పెరిగితే ఆ పొర త్వరగా మందమవుతుంది. నిండా ఛార్జ్ అయి ఉన్నప్పుడేమో కోబాల్ట్ వైపు వోల్టేజీ ఎక్కువై, పక్కనున్న ద్రావణం విరిగిపోవడం మొదలవుతుంది. నా ముసలితనం ఇదే.

మా వంశం మరీ పాతదేం కాదు. 1970లలో స్టాన్లీ విటింగ్‌హామ్ దారి వేశాడు. 1980లో ఆక్స్‌ఫర్డ్‌లో జాన్ గుడెనఫ్ కోబాల్ట్ ఆక్సైడ్ వాడొచ్చని చూపాడు. 1985లో జపాన్‌లో అకిరా యోషినో మమ్మల్ని ఇంట్లో పెట్టుకోదగ్గంత భద్రంగా తయారుచేశాడు. 1991లో సోనీ కంపెనీ అమ్మకానికి పెట్టింది. ముగ్గురికీ కలిపి 2019లో రసాయనశాస్త్రంలో నోబెల్ వచ్చింది. అప్పటికి గుడెనఫ్ వయసు 97. నోబెల్ అందుకున్న వాళ్లందరిలో పెద్దాయన ఆయనే.

ఫోన్ కొన్ననాడు దుకాణంలో ఒకతను, "అక్కా, ఇయ్యాల ఎనిమిది గంటలు ఛార్జింగ్ పెట్టు, లేకుంటే బ్యాటరీ ఖరాబైతది" అన్నాడు. ఈ మాట ఇప్పటికీ ఊరూరా వినిపిస్తుంది. పాత నికెల్ బ్యాటరీల కాలంలో దానికి అర్థం ఉండేది. వాటిని పూర్తిగా దించి, పూర్తిగా నింపకపోతే కొన్ని శక్తి తగ్గినట్టు ప్రవర్తించేవి. లిథియం బ్యాటరీలకు ఆ జబ్బు లేదు. నేను నిండగానే ఫోన్‌లోని చిప్ కరెంటు ఆపేస్తుంది, ఆ తర్వాత ఎన్ని గంటలు తీగ తగిలించి ఉంచినా నాకు కొత్తగా ఒరిగేదేమీ లేదు. అయినా అక్క ఆ రాత్రి మెలకువగా ఉండి ఎనిమిది గంటలూ పూర్తి చేయించింది. వస్తువంటే ఆమెకు అంత శ్రద్ధ.

ఛార్జింగ్ జరిగే తీరు తెలిస్తే చాలా సందేహాలు తీరతాయి. ఖాళీగా ఉన్నప్పుడు కరెంటు జోరుగా వస్తుంది. వోల్టేజీ గరిష్ఠానికి చేరాక, బిందె నిండబోతుంటే నల్లా సన్నగా తిప్పినట్టు, చిప్ కరెంటును తగ్గించుకుంటూ పోతుంది. అందుకే మొదటి సగం గబగబా ఎక్కుతుంది, చివరి ఇరవై శాతం సాగుతుంది. మామూలు లిథియం సెల్‌కు ఆ గరిష్ఠం 4.2 వోల్టులు. ఇప్పటి ఫోన్లలో మమ్మల్ని 4.4 దాకా తీసుకుపోతున్నారు. ఎక్కువసేపు ఫోన్ నడవాలి కదా మరి. దానికి మూల్యం చెల్లించేది మా ఆయుష్షు. అదే 4.2 వోల్టుల సెల్‌ను 4.1 దగ్గర ఆపితే అది దాదాపు రెట్టింపు సార్లు ఛార్జింగ్‌కు తట్టుకుంటుంది.

ఖర్చు మాటకొస్తే, నాలాంటి 5,000 మిల్లీయాంపియర్ అవర్ బ్యాటరీ ఒకసారి నిండడానికి ఛార్జర్‌లో వృథా అయ్యేది కలుపుకున్నా పాతిక వాట్ అవర్లు చాలు. అంటే ఒక యూనిట్ కరెంటుతో నలభై సార్లు నింపొచ్చు. తోటలో అయిదు హార్స్‌పవర్ మోటారు గంటసేపు మింగే కరెంటుతో నన్ను నూట నలభై సార్లకు పైనే నింపొచ్చు. ఛార్జింగ్ మీద పొదుపు చేయాల్సింది కరెంటు కాదు, వేడి.

వేడి సంగతే సురంగల్‌లో నన్ను తినేసింది. మేలో ఇక్కడ నలభై డిగ్రీలు దాటడం మామూలే. అక్క చామంతి సాళ్లలో కలుపు తీస్తూ ఫోన్‌ను గట్టు మీద పెట్టి పాటలు వినేది. నల్లటి వెనకమూత ఎండను పీల్చుకుని, చేత్తో ముట్టుకుంటే చురుక్కుమనేది. తెర మీద వెలుగు పెంచితేనే ఆ ఎండలో అక్షరం కనిపిస్తుంది, వెలుగు పెంచితే లోపలి నుంచి ఇంకొంత వేడి. మధ్యాహ్నానికి నేను ఇరవై శాతానికి దిగేదాన్ని. అప్పుడు మోటారు గదికి తీసుకుపోయేది. గదంటే నాలుగు రేకుల గోడలు, రేకుల కప్పు, లోపల స్టార్టర్ డబ్బా, దాని పక్కన ఒక ప్లగ్ బోర్డు. 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల కరెంటు మొదలయ్యాక ఆ బోర్డు దగ్గర ఎప్పుడు పెట్టినా ఛార్జింగ్ ఎక్కుతుంది. అదే నాకు కష్టమైంది. ఆ రేకుల గదిలో, మిట్టమధ్యాహ్నం, స్టార్టర్ డబ్బా మీద పడుకోబెట్టి ఫాస్ట్ ఛార్జర్ తగిలించేది. ఫోన్ తానే రెండుమూడుసార్లు ఛార్జింగ్ ఆపేసి, వేడి ఎక్కువైందని తెర మీద రాసేది. ఆమె దులిపి, ఊది, మళ్లీ తగిలించేది. అక్కడే గడపకు బయట వేపచెట్టు ఉంది. దాని నీడకు ఫోన్‌ను తెచ్చి, చల్లబడ్డాక ఛార్జింగ్ పెడితే చాలు, నా ప్రాణం లేచి వచ్చేది.

అదే బండి మీద చేవెళ్ల పోయే రోజుల్లో నాకు సుఖంగా ఉండేది. అప్పా జంక్షన్ నుంచి మన్నెగూడ దాకా బీజాపూర్ రోడ్డు వెంట వందల మర్రిచెట్లు ఉన్నాయి. అక్క కొడుకు బండి హ్యాండిల్‌కు ఫోన్ బిగించి దారి చూసుకుంటూ నడిపేవాడు. మర్రి నీడ పడ్డంతమేరా నా ఒళ్లు చల్లబడేది, నీడ తప్పగానే మళ్లీ కాగేది. రోడ్డు విస్తరణ నుంచి ఆ చెట్లను కాపాడాలని కోర్టుల దాకా పోయినవాళ్లకు నా నమస్కారం.

రాత్రిళ్లు మరో బాధ. పిల్లగాడు ఛార్జింగ్ పెట్టి ఆటలాడేవాడు, నిద్రొస్తే దిండు కింద తోసేసేవాడు. దూది మధ్య వేడి ఎటూ పోదు. అది నా ఒక్కదాని నష్టం కాదు, మంచానికీ పిల్లగాడికీ ప్రమాదం. ఈ ఒక్క అలవాటు మాత్రం ఏ ఇంట్లో ఉన్నా ఇవాళే మానిపించండి.

డిగ్రీ చదివే బిడ్డ ఒకనాడు సెట్టింగ్స్‌లోకి పోయి ఛార్జింగ్ ఎనభై శాతం దగ్గర ఆగేట్టు పెట్టింది.

"నూరు దాక ఎందుకమ్మా? ఎనభై చాలు. బ్యాటరీ ఎక్కువ దినాలు వస్తది."

"నూరుంటే భరోసా ఉంటది బిడ్డా. మూడు గంటలకు మార్కెట్ నుంచి ఫోనొస్తే ఏం జెయ్యాలె?"

ఇద్దరి మాటా నిజమే. చివరికి వాళ్లే ఒక ఒప్పందానికి వచ్చారు. మార్కెట్‌కు పూలు పంపే రోజు నూరు, మిగిలిన రోజులు ఎనభై. నాకంటే బాగా ఆలోచించారనిపించింది. నిండడం తప్పు కాదు, నిండి అట్లాగే గంటలకొద్దీ వేడిలో ఉండిపోవడమే నష్టం. నిండాక గంటలోపు ప్రయాణం కట్టి వాడుకుంటే నాకు పెద్దగా నొప్పి లేదు.

పూర్తిగా సున్నాకు దించడమూ మంచిది కాదు. ఆరిపోయిన ఫోన్‌లో కూడా నేను కొంత దాచి ఉంచుతాను కాబట్టి ఒకపూట ఆరిపోతే ఫర్వాలేదు. కానీ అక్క పాత ఫోన్‌ను సున్నా మీదే పెట్టెలో పడేసింది. నెలల తరబడి అట్లా ఉంటే వోల్టేజీ బాగా పడిపోయి, లోపలి రాగి రేకే కరగడం మొదలవుతుంది. పక్కన పెట్టాలనుకున్న ఫోన్‌ను సగం దాకా ఛార్జ్ చేసి చల్లటి చోట పెట్టాలి. నలభై శాతం మీద, పాతిక డిగ్రీల దగ్గర ఏడాది ఉంచితే నూటికి దాదాపు నాలుగు పాళ్ల శక్తి పోతుంది. నిండా నింపి నలభై డిగ్రీల్లో ఉంచితే మూడో వంతు పోతుంది. చలి భయం మాత్రం ఇక్కడ లేదు. సున్నా డిగ్రీల కింద ఛార్జింగ్ పెడితేనే గ్రాఫైట్ మీద లిథియం పూతగా పేరుకుంటుంది. మొయినాబాద్ చలికాలం ఎంత వణికించినా అక్కడిదాకా పోదు.

బిడ్డ జాగ్రత్త మొదలయ్యేసరికి రేకుల గది నన్ను సగం తినేసింది. నలభై శాతం చూపిస్తూనే ఆరిపోవడం మొదలుపెట్టాను. తర్వాత లోపల గ్యాస్ చేరి సంచి ఉబ్బింది. ఫోన్ వెనకమూత ఒక అంచున లేచి, సందులో గోరు దూరేంతైంది. పిల్లగాడు దాన్ని బొటనవేలితో నొక్కి మూయబోతే బిడ్డ చెయ్యి పట్టి లాగేసింది. బతికించింది. ఉబ్బిన బ్యాటరీని నొక్కితే లోపలి ప్లాస్టిక్ పొర చిరిగి రెండు వైపులూ తగులుకుంటాయి, మంట లేస్తుంది.

మొయినాబాద్‌లో రిపేరు చేసే కుర్రాడు ముందు ఛార్జ్ ఎంతుందో చూశాడు. "ముప్పై లోపల ఉన్నది, మంచిదే" అన్నాడు. తక్కువ ఛార్జ్ ఉంటే మంట ప్రమాదం తక్కువ. మూతను సన్నటి వేడితో మెత్తబరిచి, ఇనుప పరికరం పక్కకు పెట్టి, ప్లాస్టిక్ కార్డును జిగురు కిందికి కొంచెం కొంచెంగా జరిపాడు. వంగకుండా, గుచ్చుకోకుండా నన్ను తీసి ఇసుక పోసిన డబ్బాలో పెట్టాడు. అంత నిదానంగా పనిచేసే చెయ్యి దొరకడం అదృష్టం.

"దీన్ని ఇంటికి తీస్కపోవాల్నా?" అని అక్క అడిగింది.

"వద్దక్కా. కచరాల అసలే ఎయ్యకు, చెత్త బండిల నలిగితే అంటుకుంటది. మేమే జమ చేసి పంపిస్తం."

2022 ఆగస్టులో వచ్చిన బ్యాటరీ వ్యర్థాల నిబంధనల ప్రకారం వాడేసిన మమ్మల్ని తిరిగి సేకరించి శుద్ధి చేయించే బాధ్యత తయారీదారులదే. మాలోని కోబాల్ట్, రాగి, అల్యూమినియం, లిథియం మళ్లీ తీయొచ్చు. మన దగ్గరా ఇప్పుడు సెల్ తయారీ మొదలైంది. 2022 సెప్టెంబరులో తిరుపతిలో లిథియం సెల్ కార్ఖానా ప్రయోగాత్మక ఉత్పత్తి మొదలుపెట్టింది. 2023 మేలో మహబూబ్‌నగర్ దగ్గర దివిటిపల్లిలో ఇంకో పెద్ద కార్ఖానాకు శంకుస్థాపన జరిగింది. మాలాంటి బ్యాటరీలకు కావలసిన కోబాల్ట్ చాలావరకు దూరాన కాంగో గనుల నుంచి వస్తుంది. అంత దూరం నుంచి వచ్చిన లోహం సురంగల్ చెత్తకుప్పలో కాలిపోకూడదు. డబ్బాలో నాతోపాటు ఇంకా మూడు నాలుగు ఉబ్బిన బ్యాటరీలున్నాయి. డబ్బా నిండగానే మమ్మల్ని శుద్ధి కేంద్రానికి పంపించమని కుర్రాడికి ఎవరైనా గుర్తు చేస్తూ ఉండండి.