కూర్మన్నపాలెం నుంచి డల్లాస్ దాకా పడుకుని

మోకాళ్ళు అరిగితే విమానంలో పడక దొరుకుతుందని మాకు డాక్టరు చెప్పలేదు. డల్లాస్‌లో ఉన్న మా అబ్బాయి చెప్పాడు. "ఈసారి అమ్మా నువ్వూ బిజినెస్ క్లాసులో రండి నాన్నా. డబ్బు సంగతి నాకొదిలెయ్. ఏ ఎయిర్‌లైన్సన్నది మీరే చూసుకోండి" అన్నాడు. డబ్బు వాడికి వదిలెయ్యడంలో మాకేమీ ఇబ్బంది కలగలేదు. ఆ రెండో మాటే ఇంట్లో చిచ్చు పెట్టింది.

నేను విశాఖ ఉక్కు కర్మాగారంలో పనిచేసి రిటైరైనవాణ్ణి. మా బ్లాస్ట్ ఫర్నేసులకి గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ అని చల్లటి పేర్లు. వాటి చుట్టుపక్కల నైట్ షిఫ్టులు చేసినవాడికి నిద్రపోవడం ఎవరూ నేర్పక్కర్లేదు. ఇనప కుర్చీలో నిటారుగా కూచుని, కళ్ళు సగం తెరిచి, ఇన్‌ఛార్జి బూట్ల చప్పుడు వినపడగానే ప్యానెల్ వైపు చెయ్యి చాపే విద్య మాలో చాలామందికి వచ్చు. అలాంటివాడికి, ఎకానమీ టికెట్టుకి మూడు నాలుగు రెట్లు పోసి ఆరున్నర అడుగుల పరుపు కొనిపెడతామంటే, ముందుగా నా సర్వీసు మీద నాకే జాలేసింది.

తీరా చదవడం మొదలుపెడితే, ఆకాశంలో మంచం వెయ్యడం నిన్న మొన్నటి ముచ్చటేనని తెలిసింది. బల్లపరుపుగా వాలే పడకని బ్రిటిష్ ఎయిర్‌వేస్ వాళ్ళు 1990ల నడిమిలో ఫస్ట్ క్లాసులో పెట్టారు. బిజినెస్ క్లాసుకి అది దిగిరావడానికి 2000 సంవత్సరం దాకా ఆగాల్సి వచ్చింది. అంతకుముందు బిజినెస్ క్లాసంటే బాగా వెనక్కి వాలే కుర్చీ, అంతే. తర్వాత కొన్నాళ్ళు చాలా కంపెనీల్లో ఏటవాలు పడకలు నడిచాయి. తల పైకి, కాళ్ళు కిందికి; నిద్ర పట్టేలోగా మనిషి కాళ్ళ వైపుకి జారిపోయేవాడు. ఆ రోజుల్లో తిరిగిన పెద్దాయన ఒకరు, తెల్లారేసరికి సీటు బెల్టుకి చంకల దగ్గర వేలాడుతూ లేచేవాణ్ణని చెప్పేవారు. కొంత కోతే అయ్యుంటుంది. మొత్తం కోత మాత్రం కాదు.

మా పక్కింటాయన పోర్టులో క్రేను నడిపి రిటైరయ్యారు. ఆయనకి విమానాలంటే చిన్నచూపు, ఓడలంటే భక్తి. 1933లో మన హార్బరులోకి మొదటి ప్రయాణికుల ఓడ జలదుర్గ వచ్చిన సంగతి ఆయనకి సొంత పెళ్ళి తారీఖు కన్నా బాగా గుర్తు.

"ఏటండీ మాస్టారూ, పదారు గంటలకి పరుపేటి? పోర్ట్‌బ్లెయిర్ ఓడలో బంకు కిలాసులో రెండున్నర రోజులు ఎల్లాను నేను. కిందోడు గురక, పైనోడు పాటలు. మా తాత రంగం ఎల్లినప్పుడు బంకూ లేదు, డెక్కు మీద చాపే."

"ఆ ఓడలో డీలక్స్ క్యాబిన్లు కూడా ఉంటాయి కదండీ?"

"ఉంటాయి. అల లేచిందంటే డీలక్సోడూ కక్కుతాడు, బంకోడూ కక్కుతాడు. డీలక్సోడికి బాత్రూం దగ్గర. అంతే తేడా."

బిజినెస్ క్లాసు మీద నేను చదివిన రివ్యూలన్నిట్లో ఇంత కచ్చితమైన ముక్క ఇంకోటి దొరకలేదు.

ఆదివారం ఉదయం వీడియో కాల్లో కమిటీ కూచుంది. అబ్బాయి ఖతార్ పక్షం. వాళ్ళ క్యూసూట్ 2017లో వచ్చింది, ప్రతి సీటుకీ తలుపుంటుంది, మధ్య వరసలో రెండు సీట్లు కలిపేస్తే డబుల్ బెడ్ అవుతుందని చెప్పాడు. మా ఆవిడ పప్పు తాలింపు ఆపి మరీ ఫోను ముందుకొచ్చింది. "డబుల్ బెడ్డెందుకురా? మీ నాన్న గురక నేల మీద విన్నది చాలదా? మధ్యలో గోడ ఉన్నది చూడు" అంది. కోడలు ఎమిరేట్స్ వైపు. "వాళ్ళ ఏ380లో మేడ మీద వెనకాల బార్ ఉంటుంది మావయ్యగారూ, నిలబడి మాట్లాడుకోవచ్చు" అంది. మోకాళ్ళు నొప్పని పడక కొనుక్కుంటున్నవాళ్ళం నిలబడి ఎవరితో మాట్లాడాలో అమ్మాయి చెప్పలేదు. పైగా అదే కంపెనీ పాత 777ల్లో బిజినెస్ క్లాసు అడ్డవరస రెండు, మూడు, రెండు. అంటే మధ్య సీటు కూడా ఉందన్నమాట! గాజువాక షేర్ ఆటోలో ఇద్దరి మధ్య ఇరుక్కున్నట్టు కూచోడానికి లక్షలు పొయ్యాలా? కంపెనీ పేరు చూసి మురిసిపోకూడదని నాకు అక్కడే జ్ఞానోదయమైంది. ఒకే పేరు, ఒకే రంగు, ఒకే చిరునవ్వు. లోపల మాత్రం ఒక విమానంలో గది, ఇంకోదాంట్లో మధ్య సీటు.

బ్రిటిష్ ఎయిర్‌వేస్ పాత సీట్ల సంగతి ఇంకా విచిత్రం. ఒక సీటు ముందుకి చూస్తుంది, పక్క సీటు వెనక్కి చూస్తుంది. మధ్యలో తెర ఉంటుంది గానీ విమానం లేచేటప్పుడు దింపెయ్యాలి. ముక్కూ మొహం తెలియని పెద్దమనిషి, రెండడుగుల దూరంలో మన కళ్ళలోకి చూస్తూ ఉంటాడు. పెళ్ళిచూపుల్లో కూడా మేమిద్దరం అంతసేపు చూసుకోలేదు. ఇక రాత్రి కిటికీవైపువాడు బాత్రూంకి వెళ్ళాలంటే నడవవైపు పడుకున్నవాడి కాళ్ళ మీంచి దాటాలి. దాటితే ఆయుష్షు తగ్గుతుందని మా ఆవిడ ఆ కంపెనీని ఒక్క మాటతో కొట్టిపారేసింది. 2019 నుంచి తలుపులున్న కొత్త సీట్లు పెడుతున్నారని నేను వాదించాను. "మనకొచ్చేది పాతదే" అంది. ఆవిడ రేషన్ కార్డు కాలం మనిషి, అనుభవంతో మాట్లాడుతుంది.

దేశభక్తి కొద్దీ ఎయిరిండియా కూడా చూశాను. 2023 డిసెంబరులో వచ్చిన వాళ్ళ మొదటి ఏ350లో 28 బిజినెస్ సూట్లు, అన్నిటికీ తలుపులు. బాగుంది. కానీ డల్లాస్‌కి తిన్నగా లేదు, అమెరికాలో ఇంకోచోట దిగి మళ్ళీ ఎక్కాలి. ఆ ఏ350, 787 లాంటి కొత్తవాటి గురించి ఒక మంచి మాట చెప్పాలి. లోపలి గాలి ఆరువేల అడుగుల ఎత్తులో ఉన్నట్టు ఉంచుతారు. పాతవాటిలో అది ఎనిమిది వేల అడుగుల దాకా వెళ్తుంది. మన అరకు మూడు వేల అడుగులు, ఊటీ ఏడువేల పైచిలుకు. పాత విమానంలో పదహారు గంటలంటే ఊటీ కన్నా ఎత్తున రాత్రంతా మేలుకున్నట్టు. పొద్దున తలనొప్పికి మనం నిందించేది మాత్రం పాపం కాఫీని.

తిండి దగ్గర మా ఆవిడే సుప్రీంకోర్టు. మెనూల్లో ట్రఫుల్ అనీ కావియార్ అనీ చదివి వినిపిస్తే, "ఉప్పూ కారం ఉంటాయా?" అంది. ఆ ప్రశ్న జర్మనీ వాళ్ళు కూడా వేసుకున్నారు. లుఫ్తాన్సా కోసం ఫ్రాన్‌హోఫర్ సంస్థ శాస్త్రజ్ఞులు నేల మీదే విమానం డొక్కలో గాలి ఒత్తిడి తగ్గించి, మనుషుల్ని కూచోబెట్టి తినిపించి చూశారు. పైన ఉప్పూ తీపీ నాలిక్కి సరిగ్గా ఆనవనీ, టమాటా రసం మాత్రం రుచిగా అనిపిస్తుందనీ తేల్చారు. మా ఆవిడ ఆ ప్రయోగం చెయ్యకుండానే అరవై ఏళ్ళుగా ఆవకాయ సర్దుతోంది. దాన్ని చేతిబ్యాగులో మాత్రం పోనివ్వరు, సెక్యూరిటీలో తీసి పక్కన పెట్టేస్తారు. పెద్ద సూట్‌కేసులో, మూడు కవర్లలో, లుంగీలో చుట్టి పంపాల్సిందే. మాంసం పచ్చళ్ళైతే అమెరికా కస్టమ్స్ అసలు ఒప్పుకోదు. ఏసియన్ వెజిటేరియన్ భోజనం ముందే చెప్పుకుంటే చాలాసార్లు అందరికన్నా ముందు మనకే ట్రే వస్తుంది. మనం తింటుంటే పక్కవాళ్ళు చూడటంలో ఉన్న సుఖం ఏ పరుపులోనూ లేదు.

ఇంతవరకూ వాదించుకున్నదంతా దోహా నుంచి, దుబాయ్ నుంచి, లండన్ నుంచి. మేముండేది కూర్మన్నపాలెంలో. వైజాగ్ మనిషికి బిజినెస్ క్లాసు వైజాగ్‌లో మొదలవదు. నేవీ వాళ్ళ రన్‌వే మీంచి లేచే చిన్న విమానంలో మోకాళ్ళు ముందు సీటుకి ఆనించుకుని గంటా గంటన్నర కూచుంటే, అప్పుడు హైదరాబాదు. సింగపూర్‌కి ఇక్కణ్ణుంచే స్కూట్ విమానముంది, ఇంటి పక్కనే ఎక్కొచ్చు. కానీ ఆ చిన్న విమానంలో బిజినెస్ క్లాసన్నదే లేదు, నాలుగ్గంటలు నిటారుగానే. పైగా పడమరకి పోవాల్సినవాళ్ళం తూర్పుకి బయల్దేరతామా అని పక్కింటాయన దిక్సూచి తెచ్చినంత పని చేశారు. భోగాపురంలో అల్లూరి సీతారామరాజు పేరున కట్టిన కొత్త విమానాశ్రయం నుంచి లండన్‌కీ దుబాయ్‌కీ తిన్నగా పోవచ్చని మా కాలనీలో చెప్పుకుంటూనే ఉన్నారు. గాజువాక, కూర్మన్నపాలెం వాళ్ళకి భోగాపురం దాకా వెళ్ళడమే ఒక దూరప్రయాణం, దానికీ ఒక పడక ఉంటే బాగుణ్ణు.

రెండు టికెట్లు విడివిడిగా కొంటే చవకని సలహా ఇచ్చేవాళ్ళు ప్రతి కాలనీలోనూ ఒకరుంటారు. వాళ్ళ మాట వినకండి. అమెరికా బిజినెస్ క్లాసు టికెట్టు మీద మనిషికి 32 కిలోల పెట్టెలు రెండు. దేశంలో తిరిగే మామూలు టికెట్టు మీద 15 కిలోలు. వేర్వేరు టికెట్లైతే వైజాగ్ కౌంటర్లో మిగతా బరువుకి కిలో లెక్కన కట్టాలి, అప్పుడు మన ఆవకాయ బంగారం ధర పలుకుతుంది. అక్కడితో అయిపోదు. హైదరాబాదులో పెట్టెలు దింపుకుని, తోసుకుంటూ పైకి పోయి, మళ్ళీ లైనులో నిలబడాలి. గల్ఫ్ విమానాలు చాలావరకు తెల్లవారుజామునే. కౌంటరు తెరిచేదాకా లాంజ్ లేదు, సోఫా లేదు. నేను కళ్ళారా చూశాను: బిజినెస్ క్లాసు టికెట్టు జేబులో పెట్టుకున్న పెద్దమనిషి అర్ధరాత్రి తాళ్ళు కట్టిన అట్టపెట్టె మీద కూచుని, చెప్పులు విప్పి, కాళ్ళు రెండూ ట్రాలీ మీద చాపుకున్నాడు. అట్టపెట్టె మీద స్కెచ్ పెన్నుతో కొడుకు పేరూ, న్యూజెర్సీ అనీ రాసుంది. ఆయన భార్య పక్కన చున్నీ పరిచి పులిహోర డబ్బా తెరిచింది. మరో మూడు గంటల్లో ఆ మనిషికి షాంపేన్ ఇస్తారు.

చివరికి ఒకే టికెట్టు మీద ఇండిగోలో హైదరాబాదు దాకా, అక్కణ్ణుంచి ఖతార్‌లో దోహా మీదుగా డల్లాస్‌కి తీసుకున్నాం. గెలిపించింది తలుపు కాదు, పెట్టెలు వైజాగ్‌లో ఇచ్చేస్తే డల్లాస్‌లోనే కనపడటం. మా ఆవిడ వీల్‌చైర్ కూడా పెట్టించింది. "నడవగలవు కదా" అన్నాను. "నడవగలను, దారి అడగలేను" అంది. మనవాళ్ళ విమానాల దగ్గర కనిపించే ఆ వీల్‌చైర్ల బారులో సగం మోకాళ్ళవి, సగం ఇంగ్లీషువి. సీట్లు ముందూ వెనకా తీసుకున్నాం, మధ్యలో ఆవిడ అడిగిన గోడ ఉండేలా. దోహా దాటగానే ఆవిడ తలుపు వేసుకుని పడుకుంది. మళ్ళీ తెరిచేసరికి కింద అమెరికా వచ్చేసింది.

కాబట్టి నా తీర్పు ఇది. అరవై దాటి మోకాళ్ళు మొండికేసినవాళ్ళకి ఆ పడక దండగ కాదు, పిల్లలు కొంటామంటే వద్దనకండి. ఏ కంపెనీ అని వారాల తరబడి కొట్టుకోకండి. ఆ రోజు వచ్చేది ఏ రకం విమానమో, సీట్ల వరస ఎలా ఉందో చూడండి. వైజాగ్ నుంచి చివరి ఊరి దాకా ఒకే పీఎన్‌ఆర్ మీద రాయించుకోండి, మధ్య మజిలీ మూడు గంటలకి తగ్గకుండా ఉంచుకోండి. శాకాహారులు భోజనం ముందే చెప్పండి. ఆవకాయ పెద్ద పెట్టెలోనే పెట్టండి.