వుడ్‌ల అడితిలో ప్రాంతీయ దుంగలు

భారతీయ సినిమా గురించి ఢిల్లీ, ముంబయి పత్రికల్లో ఏళ్ల తరబడి నలిగి, అక్కణ్ణుంచి తెలుగు వార్తల అనువాదాల్లోకి యథాతథంగా దిగుమతి అయిన పారిభాషిక పదం ‘ప్రాంతీయ చిత్రం’. దీనికి నిఘంటువు చెప్పే అర్థం ఒక ప్రాంతానికి చెందిన చిత్రమని. వాడుకలో ఉన్న అర్థం మాత్రం హిందీ కానిదని. ఒక వస్తువును అది ఏమిటో చెప్పకుండా, ఏది కాదో చెప్పి నిర్వచించడం వేదాంతులు పరబ్రహ్మ విషయంలో పాటించిన పద్ధతి. ఇది కాదు, ఇది కాదు అంటూ తోసివేస్తూ పోయే ఆ ‘నేతి నేతి’ మార్గాన్ని బాక్సాఫీసు విశ్లేషకులు ఏ గురుశుశ్రూషా లేకుండానే ఒంటబట్టించుకోవడం తత్త్వశాస్త్ర చరిత్రకారులు గమనించవలసిన విశేషం.

ఈ నిర్వచనం ప్రకారం తెలుగు చిత్రానికి ఒక ప్రాంతముంది, తమిళ, మలయాళ, అస్సామీ చిత్రాలకూ ఉంది. హిందీ చిత్రానికి మాత్రం లేదు. అది మరాఠీ మాట్లాడే రాష్ట్రపు రాజధానిలో తయారవుతుంది, పంజాబీ పెళ్లిళ్లు చేయిస్తుంది, స్విట్జర్లాండు మంచుకొండల మీద పాడుతుంది, అయినా ఏ నేలకూ చెందదు. పైకి పోలేక, కిందికి దిగలేక నడిమధ్య వేలాడిన త్రిశంకుడికి విశ్వామిత్రుడు వేరే స్వర్గమే సృష్టించి సర్దిచెప్పవలసి వచ్చింది; ఇక్కడ అంత శ్రమ లేకుండా, వేలాడే ఆ స్థితికే ‘జాతీయం’ అని బిరుదిచ్చి పని ముగించారు.

ఈ బిరుదుకు ఆధారం వెతికితే దొరికేవి ఇబ్బందికరమైన వాస్తవాలే. రాజ్యాంగంలోని 343వ అధికరణం హిందీని కేంద్ర ప్రభుత్వ అధికార భాషగా పేర్కొన్నదే గాని, దేశానికి ‘జాతీయ భాష’ అంటూ ఒకదాన్ని రాజ్యాంగం ఎక్కడా నిర్ణయించలేదు. 8వ షెడ్యూలులోని 22 భాషల్లో హిందీ ఒకటి. 2011 జనాభా లెక్కల్లో హిందీని మాతృభాషగా నమోదు చేయించుకున్నవారు 43.63 శాతం, అతి పెద్ద భాష అదేననడంలో సందేహం లేదు గాని, సగానికి పైగా దేశం మిగతా భాషల్లోనే పుట్టి పెరుగుతోందన్న సంగతిలోనూ సందేహం లేదు. అంటే సగానికి మించిన భాగం ‘ప్రాంతం’, సగానికి తగ్గిన భాగం ‘దేశం’ అయ్యాయన్నమాట. అదే లెక్కల్లో తెలుగు మాతృభాషగా ఉన్నవారు 8.11 కోట్లు, ఆనాటి జర్మనీ జనాభా కూడా దాదాపు అంతే. అయినా జర్మన్ చిత్రాన్ని ఐరోపా ప్రాంతీయ చిత్రమని పిలిచిన విమర్శకుడు ఇంతవరకు తారసపడలేదు. జాతీయ చలనచిత్ర పురస్కారాల్లో ప్రతి భాషకూ ఒక ఉత్తమ చిత్ర బహుమతి ఉంది, ఆ వరుసలో హిందీ కూడా నిలబడి తన వంతు తాను పుచ్చుకుంటుంది. ఇక అన్ని భాషల మీద మేటిగా 1954లో మొదటిసారి ఎంపికైన చిత్రమో, ఆచార్య ఆత్రే మరాఠీలో తీసిన ‘శ్యామ్‌చీ ఆయీ’. జాతీయ సినిమా కాపురముంటున్న ఊళ్లోనే, దాని పక్కింటి భాషకు ఆ గౌరవం దక్కింది.

పుట్టుపూర్వోత్తరాలు చూసినా అన్నదమ్ముల తేడాయే తప్ప ఆకాశానికీ భూమికీ ఉన్న తేడా కనిపించదు. అర్దేషిర్ ఇరానీ తీసిన తొలి హిందీ టాకీ, అంటే మాటలు వినిపించే చిత్రం, ‘ఆలం ఆరా’ 1931 మార్చి 14న విడుదలైంది. ఆయనే నిర్మాతగా, హెచ్.ఎం. రెడ్డి దర్శకత్వంలో, ఆ చిత్రం కోసం వేసిన సెట్లలోనే తీసిన ‘కాళిదాస్’ తమిళ, తెలుగు మాటలతో అదే ఏడాది అక్టోబరు 31న మద్రాసులో విడుదలైంది. పూర్తి తెలుగు టాకీ ‘భక్త ప్రహ్లాద’ కూడా హెచ్.ఎం. రెడ్డి చేతుల మీదుగా బొంబాయిలోనే తయారై 1932 ఫిబ్రవరి 6న జనం ముందుకు వచ్చింది. ఒకే పురిటిగదిలో ఏడాది తిరగకుండా పుట్టిన బిడ్డల్లో, ఏడు నెలలు ముందు పుట్టినవాడికి దేశమంతా ఆస్తిగా రాసి, తక్కినవాళ్లకు తలా ఒక జిల్లా చూపించిన ఈ పంపకాన్ని ఏ గ్రామ పెద్ద చేసినా పంచాయతీ మళ్లీ పెట్టించేవారు.

అయితే ఈ పంపకాన్ని మిగతా సోదరులు ఎంత ఉత్సాహంగా ఒప్పుకున్నారో వాళ్లు తగిలించుకున్న పేర్లే చెబుతాయి. హాలీవుడ్ అనేది అమెరికాలో ఒక పేట పేరు. దాని తోక తెంపి బొంబాయికి అతికించగా వచ్చిన ‘బాలీవుడ్’ 1970లలో వాడుకలోకి ఎక్కింది. దీనికి చాలా ముందే, 1932లో, విల్‌ఫోర్డ్ డెమింగ్ అనే అమెరికన్ శబ్దగ్రహణ ఇంజనీరు కలకత్తాలోని టాలీగంజ్ స్టూడియోలను ఉద్దేశించి ‘టాలీవుడ్’ అనే మాట వాడాడు. ఆ విధంగా తెలుగు పరిశ్రమ ఛాతీ విరుచుకుని చెప్పుకునే పేరు ఒక బెంగాలీ పేటది, అదీ ఒక అమెరికన్ పెట్టినది, అందులోనూ సగం మరో అమెరికన్ పేట నుంచి తెచ్చినది. కోడంబాకం కాలీవుడ్ అయింది, మలయాళం మాలీవుడ్ అయింది, కన్నడం గంధపుచెట్లను తలచుకుని శాండల్‌వుడ్ అయింది. ఇన్ని వుడ్‌లు ఒకచోట పేర్చాక అది సినిమా పరిశ్రమలా కాక కట్టెల అడితిలా కనిపిస్తే తప్పు చూసేవాడిది కాదు. అడితిలో దుంగ మీద రంగుతో వేసే నంబరు అది ఎన్ని ఘనపుటడుగులో చెబుతుంది, ఏ అడవిలో చెట్టో చెప్పదు.

ఈ అడితిలోకి ఇటీవల కొత్త రకం కొనుగోలుదారులు ప్రవేశించారు. వారి పని అన్వేషణ. 2020 నాటి లాక్‌డౌన్‌లో ఇంట్లో కూర్చుని, ఓటీటీలలో, అంటే ఇంటర్నెట్ ద్వారా నేరుగా ఇంటి తెరకు చిత్రాలు చేర్చే వేదికలలో, ఉపశీర్షికల సాయంతో మలయాళ చిత్రాలు చూసిన ఉత్తరాది వీక్షకులు మలయాళంలో మంచి సినిమాలున్నాయని కనిపెట్టారు. వాస్కో డ గామా 1498లో కోళికోడ్ దగ్గర కాప్పాడు తీరంలో దిగి ఇండియాను కనిపెట్టినప్పుడు అక్కడి మిరియాల వర్తకులు ఎంత ఆశ్చర్యపోయి ఉంటారో, 1965లోనే తిరువనంతపురంలో చిత్రలేఖ ఫిల్మ్ సొసైటీ పెట్టుకున్నవారు ఈ వార్త విని అంతే ఆశ్చర్యపోయి ఉండాలి. ఆ సొసైటీ స్థాపకుల్లో ఒకరైన అడూర్ గోపాలకృష్ణన్ తీసిన ‘ఎలిప్పత్తాయం’ 1982లోనే లండన్‌లో బ్రిటిష్ ఫిల్మ్ ఇన్‌స్టిట్యూట్ ఇచ్చే సదర్లాండ్ ట్రోఫీ అందుకుంది. కాకపోతే లండన్ దాకా వెళ్లినది ముంబయిలోని అంధేరీ దాకా చేరడానికి మరో నలభై ఏళ్లు పట్టింది.

ఇలాంటి అన్వేషకులు ఇచ్చే గొప్ప ప్రశంస ‘మట్టి వాసన’. తక్కిన చిత్రాలు మట్టి తగలకుండా కుండీల్లో మొలిచాయన్న అంగీకారం అందులో ఉన్న సంగతి వారు గమనించరు. మట్టి అంతగా నచ్చితే దాన్ని అలాగే ఉంచుతారా అంటే అదీ లేదు. హక్కులు కొని, కడిగి, ఆరబెట్టి రీమేక్ చేస్తారు. నాగరాజ్ మంజులే మరాఠీ చిత్రం ‘సైరాట్’ (2016)కు ప్రాణమైన కులం, రెండేళ్ల తర్వాత హిందీలో ‘ధడక్’గా వచ్చేసరికి రెండు సంపన్న కుటుంబాల మధ్య మాటపట్టింపు స్థాయికి పలచబడింది. ‘మరో చరిత్ర’ నుంచి ‘పోకిరి’, ‘అర్జున్ రెడ్డి’ దాకా హిందీకి కథలు ఎగుమతి చేసిన భాషను ప్రాంతీయమని, ఆ కథలు తిరగరాసుకున్న భాషను జాతీయమని పిలవడం, వడ్లు పండించినవాణ్ణి స్థానికుడని, అన్నం వడ్డించినవాణ్ణి దాత అని పిలిచినట్టుంది.

ఇక్కడితో ఆగితే తెలుగు పాఠకుడికి ఈ వ్యాసం హాయిగా ఉండేది; కాని ప్రాంతీయమనే ముద్రను చెరిపేయాలని కోరవలసిన తెలుగు పరిశ్రమ, ముద్ర అలాగే ఉంచి తనకు మాత్రం పదోన్నతి ఇప్పించమని దరఖాస్తు పెట్టుకుంది. ఆ దరఖాస్తు పేరు ‘పాన్ ఇండియా’. ఈ ‘పాన్’ సమస్తమనే అర్థమిచ్చే గ్రీకు మాట, కిళ్ళీతో దానికి చుట్టరికం లేదు; తయారీ మాత్రం కిళ్ళీదే. తెలుగు ఆకులో హిందీ వక్క, మలయాళ సున్నం, కన్నడ కాచు వేసి చుట్టి, విడిపోకుండా లవంగంలా ఒక ఐటం పాట గుచ్చుతారు. కథ జరిగే ఊరికి పేరుండదు, ఉన్నా అది పటంలో ఉండదు. మేనమామ కూతురు కథానాయకుణ్ణి ‘బావా’ అని పిలిస్తే డబ్బింగ్‌లో ఆ సరసం అన్నాచెల్లెళ్ల వరసకు తిరిగి కొంప మునుగుతుంది కనుక, ఆ పిల్ల ముందుగానే కథలోంచి తప్పుకుంటుంది. ‘జులాయి’ అంటే పనీపాటా లేక ఊరి మీద తిరిగేవాడు; అతడు వింధ్య దాటేసరికి ‘డేంజరస్ ఖిలాడీ’ అయ్యాడు. ‘రేసుగుర్రం’ అదే దారిలో వెళ్లి గుర్రాన్ని ఎక్కడో వదిలేసి ‘మై హూ లక్కీ ద రేసర్’గా తేలింది.

దేశమంతా ఆడడం కొత్తగా కనిపెట్టిన విద్య కూడా కాదు. ఎస్.ఎస్. వాసన్ 1948లో తమిళంలో తీసిన ‘చంద్రలేఖ’ను అదే ఏడాది హిందీలో దేశం మీదికి వదిలాడు, ‘మరో చరిత్ర’ 1978లో డబ్బింగ్ ఊసే లేకుండా, తెలుగులోనే, మద్రాసులో ఏడాదికి మించి ఆడింది. ఇక ‘ఆర్ఆర్ఆర్’ ప్రపంచమంతా తిరిగాక పడమటి పత్రికలు దాన్ని బాలీవుడ్ చిత్రమని రాస్తుంటే, అది దక్షిణ భారతానికి చెందిన తెలుగు సినిమా అని 2023లో అమెరికాలో జరిగిన ఒక ప్రదర్శనలో దాని దర్శకుడు రాజమౌళి స్వయంగా విడమరచి చెప్పవలసి వచ్చింది. పాన్ ఇండియా అని ఇంట్లో చాటింపు వేయించుకున్నవారికి పరాయిదేశంలో తెలుగని చెప్పుకోవలసిన అగత్యం పట్టడం కన్నా పెద్ద వ్యంగ్యాన్ని ఏ వ్యాసకర్తా కల్పించలేడు.

పైగా ఢిల్లీ తెలుగుకు చేసినదే తెలుగు తెర తనలోని తెలుగులకు చేసింది. కృష్ణా, గోదావరి జిల్లాల పలుకుబడి కథానాయకుడి ‘భాష’ అయింది. తెలంగాణ పలుకుబడి ‘యాస’ అనిపించుకుని రౌడీకీ హాస్యగాడికీ దక్కింది. ఉత్తరాంధ్ర మాట పనిమనిషి నోటికి చేరింది. హీరో మాట్లాడేది భాష, పక్కవాడు మాట్లాడేది యాస అనే ఈ వ్యాకరణం ముంబయిలో రాసినది కాదు. ‘కేరాఫ్ కంచరపాలెం’ (2018), ‘బలగం’ (2023) వచ్చి విశాఖ పేటా, తెలంగాణ పల్లే తమ మాట తామే మాట్లాడినప్పుడు, తెలుగు సమీక్షకులు కూడా మట్టి వాసన అనే సీసాయే మూత తీశారు.

అడితి నంబర్లకు లొంగని చిత్రాలు కొన్ని ఎప్పటి నుంచో ఉన్నాయి. అనంతమూర్తి కన్నడ నవలను ‘సంస్కార’గా తీసి 1970కి దేశంలో ఉత్తమ చిత్రమనిపించినవాడు తెలుగు కవి పఠాభి, దానికి కెమెరా పట్టినవాడు ఆస్ట్రేలియా దేశస్థుడు టామ్ కోవన్. ప్రేమ్‌చంద్ ‘కఫన్’ కథను 1977లో ‘ఒక ఊరి కథ’గా తెలుగులో తీసినవాడు బెంగాలీ దర్శకుడు మృణాల్ సేన్, అందులో ప్రధాన పాత్ర పోషించినవాడు కన్నడ నటుడు వాసుదేవరావు. కిషన్‌చందర్ ఉర్దూ నవల ఆధారంగా బెంగాలీ అయిన గౌతమ్ ఘోష్ తీసిన తెలుగు చిత్రం, తెలంగాణ రైతాంగ పోరాటం మీద 1980లో విడుదలై, హైదరాబాదులో ఉదయం ఆటలుగా దాదాపు ఏడాది ఆడింది. దర్శకుడి భాషను బట్టి చూస్తే ఒక లెక్క, మూలకథ భాషను బట్టి చూస్తే మరో లెక్క వచ్చే ఈ చిత్రాన్ని ఏ అరలో సర్దాలో గుమాస్తాకు పాలుపోదు. పొద్దున్నే టికెట్టు కొనుక్కుని వరసలో నిలబడ్డవారికి మాత్రం ఆ తికమక లేదు. అది ఎక్కడిదో, ఎవరిదో దాని పేరులోనే ఉంది: ‘మా భూమి’.