మా బాత్రూం తమరి పరిధిలోదే

బాయిలర్ల ఇన్‌స్పెక్టరు గారి సముఖమునకు, కూర్మన్నపాలెం నుంచి ఒక రిటైరైన బాయిలర్ అటెండెంటు నమస్కరించి రాసుకుంటున్న బహిరంగ లేఖ.

అయ్యా,

మా ఇంట్లో రిజిస్ట్రేషన్ లేని బాయిలరొకటి నడుస్తోంది. నడిపేది మా ఆవిడ. ఆవిడకు సర్టిఫికెట్ లేదు. సర్టిఫికెట్ ఉన్న నేను ఆ సమయానికి వరండాలో పేపరు చదువుకుంటూ ఉంటాను. నేరం నా అంతట నేనే వచ్చి ఒప్పుకుంటున్నాను గనక కాస్త దయ చూపించమని మనవి.

వస్తువు వివరాలు మనవి చేస్తాను. తెల్ల డబ్బా. 25 లీటర్లు, 2000 వాట్లు. ప్లేటు మీద ఐఎస్ఐ గుర్తు, పక్కన నక్షత్రాల స్టిక్కరు. గోడకు కొట్టిన బోల్టుల మీద, స్నానం చేసే మనిషి నడినెత్తికి సూటిగా వేలాడుతూ ఉంటుంది. జనం దీన్ని గీజరంటారు. తమరి చట్టం దీన్ని బాయిలరనదని నాకు తెలుసు. చట్టం పక్కన పెట్టుకునే రాస్తున్నాను, 1923 నాటిదీ, దాని స్థానంలో 2025లో వచ్చినదీ. 25 లీటర్లకు తక్కువైతే వదిలేయమంది. మాది సరిగ్గా 25. చదరపు సెంటీమీటరుకు కిలో ఒత్తిడి కూడా లేనిదైతే వదిలేయమంది. మాది ఎనిమిది బార్లకు తట్టుకుంటుందని ప్లేటే చెబుతోంది. ఇక మూడోది, నీళ్ళు నూరు డిగ్రీల లోపే వేడెక్కేదైతే వదిలేయమంది. ఆ ఒక్క మాటను పట్టుకునే మేము చట్టం బయట వేలాడుతున్నాం. అంటే తమరికీ నాకూ మధ్య నిలబడ్డది ఒక థర్మోస్టాట్. అగ్గిపెట్టెకు అన్నదమ్ముడంత వస్తువు.

మొన్న మార్గశిరంలో ఒక గురువారం తెల్లవారుజామున అది పోయింది. కాబట్టి ఆ రోజు ఓ అరగంటసేపు మా బాత్రూం తమరి పరిధిలోకి వచ్చింది. తమరు రాలేదు.

మార్గశిర గురువారమంటే ఈ ఊళ్ళో ఏమిటో తమరికి చెప్పక్కర్లేదు. బురుజుపేట కనకమహాలక్ష్మి అమ్మవారి దగ్గర అర్ధరాత్రి నుంచే క్యూ. ఇంటింటా తెల్లారకుండా తలస్నానాలు. మామూలుగా మా విశాఖలో చలి అని చెప్పుకోవడానికి లంబసింగి వెళ్ళి చూసి రావాలి గానీ, ఆ నెల మాత్రం గీజర్లకు తీరిక ఉండదు. మా కోడలు నాలుగింటికి స్విచ్చి వేసి, పూజ సామాను సర్దుకుంటూ మరిచిపోయింది. ఐదున్నర దాటాక పంపు తిప్పింది. పంపు ముందు దగ్గింది. తరవాత ఉమ్మింది. ఆ తరవాత వచ్చినవి నీళ్ళు కావు.

ఆ చప్పుడు నాకు తెలుసు. ముప్పై ఏళ్ళు విన్నాను. పేపరు పారేసి పరిగెత్తాను. కోడలు పిల్ల అప్పటికే వెనక్కి దూకి గుమ్మంలో నిలబడి ఉంది, దేవుడి దయ. మెయిన్ కట్టేశాను. పంపు అలాగే వదిలేయమన్నాను, ఎవరినీ లోపలికి వెళ్ళనివ్వలేదు. మధ్యాహ్నం దాకా ఆ డబ్బాను ముట్టుకోలేదు. అమ్మవారి దగ్గరికి ఆ రోజు మా ఇంటిల్లిపాదీ చన్నీళ్ళ స్నానాలతోనే వెళ్ళాం.

జరిగింది తమరికి ఒక్క ముక్కలో అర్థమై ఉంటుంది. పత్రికలో చదివే మిగతావాళ్ళ కోసం రాస్తున్నాను. మాది మొదటి అంతస్తు. నీళ్ళ ట్యాంకు మిద్దె మీద. పది మీటర్ల ఎత్తు నీళ్ళకు ఒక బారు ఒత్తిడి. ఆ ఒత్తిడిలో నీళ్ళు నూటికి మరగవు, నూట ఇరవై దాకా బుద్ధిమంతుల్లా నీళ్ళలాగే కూర్చుంటాయి. పంపు తిప్పి ఒత్తిడి తీసేసిన క్షణంలో వాటికి తామెవరో గుర్తొస్తుంది. చెంబుడు నీళ్ళు పూర్తిగా ఆవిరైతే పదహారు వందల చెంబులకు పైగా చోటు కావాలి. మా బాత్రూం ఐదడుగులు బై ఏడు.

మధ్యాహ్నం డబ్బా మూత విప్పి చూస్తే, అయ్యా, అది పంచనామాయే.

రెండేళ్ళ కిందట గీజరు మాటిమాటికీ ఆగిపోతోందని ఒక ఎలక్ట్రీషియన్‌ని పిలిచాం. థర్మోస్టాట్ మొండికేసి నీళ్ళు మితిమీరి కాగితే కరెంటు తెంచడానికి లోపల కటౌటు ఒకటి ఉంటుంది. పాపం అది తన పని తాను చేస్తోంది. "కటౌటు డైరెట్టు సేసేసినాను మాస్టారూ, ఇంకాగదు" అన్నాడతను. మాట నిలబెట్టుకున్నాడు. ఆగలేదు.

నిరుడు సేఫ్టీ వాల్వు నుంచి చుక్కలు కారుతున్నాయని ఒక ప్లంబర్ని పిలిచాం. ఇద్దరి పేర్లూ రాయను, ఇద్దరూ మంచివాళ్ళు, పిలిస్తే పలుకుతారు, అది ఈ రోజుల్లో చిన్న సుగుణం కాదు. "వాలు పోనాదండి బాబూ. కొత్తదెందుకు, ఓ డమ్మీ కొట్టేత్తాను, సుక్క కారితే నన్నడగండి" అన్నాడు. థ్రెడ్ టేపు నాలుగు చుట్లు చుట్టి అర అంగుళం ఇత్తడి డమ్మీ బిగించాడు. చుక్క కారలేదు. అంటే ఒకడు వచ్చి దాని కళ్ళు మూశాడు, ఇంకొకడు వచ్చి నోరు మూశాడు. ఆ ఇద్దరూ ఒకరి ముఖం ఒకరు చూసి ఎరగరు. ఒకడు చేసింది రెండోవాడికి తెలిసే దారే లేదు. మధ్యలో తెలిసిన వెధవను నేనొక్కణ్ణే.

ఇక్కడే నా అసలు నేరం ఉంది. పాతిక లీటర్ల నీళ్ళు పాతిక డిగ్రీల నుంచి డెబ్బై ఐదుకు కాగితే అర లీటరు పెరుగుతాయి. ఆ అర లీటరు ఎక్కడికో పోవాలి. చన్నీళ్ళ పైపులోంచి వెనక్కి పోకుండా ఎన్‌ఆర్‌వీ అడ్డం ఉంటే, సేఫ్టీ వాల్వులోంచి చుక్కలుగా పోతుంది. కారడమంటే అది పోయిందని కాదు, పనిలో ఉందని. ఇది నాకు తెలుసు. తెలిసీ, ప్లంబరు డమ్మీ బిగిస్తుంటే టార్చిలైటు పట్టుకున్నాను. ఎందుకంటే మా ఆవిడ కొత్తగా వేయించిన టైల్స్ మీద ఆ చుక్కల మరకలు పడుతున్నాయి. ఆ సంగతి ఇంట్లో నెల రోజులుగా నడుస్తోంది. నూట యాభై రూపాయలు ఇచ్చి, టీ కూడా ఇచ్చి పంపాను.

మరి ఆ గురువారం పేలకుండా ఎందుకు మిగిలిందంటారా? బోరు నీళ్ళ చెత్త ఎన్‌ఆర్‌వీలో ఇరుక్కుని అది సరిగ్గా మూసుకోవడం లేదు. పెరిగిన ఒత్తిడి వెనక్కి మిద్దె మీది ట్యాంకులోకి పోయింది. పాడైన భాగమే మమ్మల్ని కాపాడింది. అదే గనక ప్లంబరు కంట పడి ఉంటే బాగు చేసి ఉండేవాడు.

ఇదే మనిషి, అంటే నేనే, ఉక్కు ఫ్యాక్టరీ థర్మల్ పవర్ ప్లాంటులో ఎలా ఉండేవాణ్ణో తమరికి తెలుసు. అక్కడ ఒక్కో బాయిలరూ గంటకు 330 టన్నుల ఆవిరినిస్తుంది. సేఫ్టీ వాల్వు లేచిందంటే చెవులు గింగురుమంటాయి. ఆ సమయంలో ఎవడో నిచ్చెనేసుకుని వచ్చి "మోతగా ఉంది బాబూ, ఓ డమ్మీ కొట్టేత్తాను" అన్నాడనుకోండి. వాణ్ణి గేటు దాకా నడిపించేవాళ్ళం కాదు, మోసుకుపోయేవాళ్ళం. చిన్న వాల్వు విప్పాలన్నా పర్మిట్ కాగితం, దాని మీద సంతకాలు, స్విచ్చికి తాళం, తాళానికి ఎర్ర ట్యాగు. షిఫ్టు మారితే లాగ్‌బుక్కులో రాసి అప్పగించాల్సిందే. తమరు వచ్చే ముందు నెల రోజులు తోమేవాళ్ళం, పని ఒత్తిడికి మించి నీళ్ళతో ఎక్కించి, టార్చి వేసి, వెల్డు వెల్డూ చూసేవారు తమరు. ఈ ఊళ్ళో పోర్టు, షిప్‌యార్డు, రిఫైనరీ, ఉక్కు, ఇన్ని గేట్లున్నాయి. ప్రతి గేటు దగ్గరా హెల్మెట్టు బొమ్మ ఉంది. ఆ గేటు దాటి బండెక్కి ఇంటికొచ్చేవాళ్ళం వేలమందిమి, హెల్మెట్టుతోపాటు బుద్ధిని కూడా చిలక్కొయ్యకు తగిలించే లోపలికి వస్తాం.

వైరింగు సంగతి కూడా విన్నవించుకోనివ్వండి. అదీ డబ్బా విప్పినప్పుడే బయటపడింది. రెండు వేల వాట్లంటే దాదాపు తొమ్మిది ఆంపియర్లు, గంటల తరబడి. దానికి పదహారు ఆంపియర్ల సాకెట్టు, సెవెన్ ట్వంటీ వైరు లాగాలని ఏ ఎలక్ట్రీషియనైనా చెబుతాడు. మా గోడలో ఉన్నది బల్బులకు వేసే వన్ ఎయిటీన్. జాయింటు దగ్గర తొడుగు కాలి నల్లబడింది. హుద్‌హుద్ వచ్చిన 2014 అక్టోబరులో కరెంటు లేక అల్లాడిన రోజుల్లో "ఇప్పటికిది ఉండనీయండి" అని వేసిన జాయింటది. ఇప్పటికీ ఉంది. ఇక పచ్చ వైరు, తమరు నవ్వకూడదు, చివర అందంగా చుట్ట చుట్టి బాక్సులో మడిచిపెట్టి ఉంది. దేనికీ కలపలేదు. ఇంకొందరి ఇళ్ళలో ఇంతకంటే ఘోరం, సాకెట్లోనే న్యూట్రల్‌ను ఎర్తుకు లూపు కొట్టేస్తారు. టెస్టింగుకు అంతా సలక్షణంగా కనిపిస్తుంది. ఎక్కడైనా న్యూట్రల్ తెగిన రోజున గీజరు ఒళ్ళంతా ఫేజు.

ఎర్తు గుంతలో ఉప్పూ బొగ్గూ వేయాలని ఐటీఐలో నేర్పుతారు. మా వన్ టౌన్ చుట్టాలింటికి వెళితే ఆ రెండూ గాలిలోనే ఉంటాయి, ఉప్పు సముద్రానిది, బొగ్గు పోర్టుది. కిటికీ ఊచ మీద వేలితో గీస్తే రెండూ అంటుకుంటాయి. ఎర్తు మాత్రం ఉండదు. పూర్వం జీఐ పైపులున్న రోజుల్లో ఆ ఇనుమే భూమిలోకి దిగి తెలియకుండా కొంత కాపు కాసేది. ఇప్పుడంతా సీపీవీసీ. తుప్పు పట్టదు, నిజమే. మన సముద్రపు గాలికి అదే మంచిదని నేనూ వేయించాను. కానీ తీరం పక్క బోర్ల ఉప్పునీళ్ళకు ఎలిమెంటు మీద పెచ్చు కట్టి, తొడుగు పగిలి, కరెంటు నీళ్ళలోకి వస్తే, ప్లాస్టిక్ పైపులో ఆ కరెంటుకు భూమిలోకి దిగే దారి ఇంకేదీ లేదు, పంపు కింద తడికాళ్ళతో నిలబడ్డ మనిషి తప్ప. ఆ దారి మూయడానికే ఆర్‌సీసీబీ. ఇంటికి వేసేది 30 మిల్లీ ఆంపియర్లు తేడా వస్తే పడిపోవాలని నిబంధన. మా బిల్డింగులో ఒకరు వేయించుకున్నారు. వానాకాలంలో రెండుసార్లు పడిందని తీయించేశారు. పడినందుకు తీశారు, గమనించండి. ఇది కూడా చుక్కలు కారిన వాల్వు కథే.

బకెట్లో హీటరు రాడ్డు ముంచుకుని, వేలు పెట్టి వేడి చూసుకునే అద్దె గదుల సంగతి రాస్తే తమరు ఈ ఉత్తరం పూర్తిచేయరు.

ఒక్క మాట మాత్రం వేళాకోళం లేకుండా రాస్తాను. వేడి లోపల పేరుకుంటుంటే చూసేవాడు లేకపోతే ఏమవుతుందో ఈ ఊరికి ఒకరు చెప్పక్కర్లేదు. 2020 మే 7న ఫ్యాక్టరీ ట్యాంకులోంచి స్టైరీన్ ఆవిరి లీకై వెంకటాపురం తెల్లారకముందే పరుగులు తీసింది. పన్నెండు మంది పోయారు. ఆ స్టైరీన్ ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచేది అడుగునే, పైన ఎంత కాగుతోందో కొలిచే ఏర్పాటు లేదు. మా గీజరు థర్మోస్టాట్ చూసేదీ ఒక్క చోటే. దాన్ని నమ్మకూడదనే కటౌటు పెట్టారు, కటౌటును నమ్మకూడదనే వాల్వు పెట్టారు. అపనమ్మకం మీద కట్టిన వస్తువది. దాన్ని మేం నమ్మకం మీద నడుపుకుంటున్నాం.

తమరి శాఖ పుట్టిందే ఇలాంటి కారణానికి గదా. 1863లో కలకత్తాలో బాయిలరు పేలి మనుషులు పోతే, మరుసటేడు బెంగాల్లో చట్టం వచ్చింది. ఆ తరవాత మిగతా ప్రావిన్సులకు, చివరికి దేశమంతటికీ. నా విన్నపం చాలా చిన్నది. చట్టం మార్చమనడం లేదు. ఏడాదికోసారి తమరు మా వీధిలోంచి జీపులో వెళ్తూ హారన్ కొట్టండి చాలు. తమరొస్తున్నారని తెలిస్తే మేం నెల రోజులు తోముకుంటాం. అలవాటు పోలేదు.

ఈలోగా నా పని నేను మొదలుపెట్టాను. కొత్త వాల్వు, కొత్త కటౌటు, సెవెన్ ట్వంటీ, ఎర్తు, ఆర్‌సీసీబీ అన్నీ పడ్డాయి. వాల్వు మూతికి సన్నటి గొట్టం తగిలించి నీళ్ళు పోయే తూము దగ్గరికి దింపాను, టైల్స్ తగువు కూడా తీరింది. నిరుడే తట్టాల్సింది. చాకలి పద్దు పుస్తకంలో మిగిలిన కాగితాలను లాగ్‌బుక్కు చేసి బాత్రూం తలుపు వెనక వేలాడదీశాను. ఎవరు దేన్ని ముట్టుకున్నా తారీఖు వేసి రాయాలి. మొదట ఎలక్ట్రీషియన్‌నే సంతకం చేయమన్నాను. పెన్ను వంకా నా వంకా చూసి "సంతకమేటండి మాస్టారూ, రేపు నాను కోర్టుకెల్లాలా?" అన్నాడు. చేశాడు గానీ, అప్పటినుంచి ఫోన్ చేస్తే రెండోసారికి గానీ ఎత్తడం లేదు. మా ఆవిడైతే పుస్తకం తెరిచి మొదటి పేజీలో తనే రాసింది: "సేఫ్టీ వాల్వుకు డమ్మీ, ఆయన టార్చి పట్టుకున్నారు." తారీఖు కూడా సరిగ్గా వేసింది.

తమరు తనిఖీకి రాదలిస్తే ఉదయం ఎనిమిది తరవాత రండి. అంతకుముందు బాత్రూం ఖాళీ ఉండదు.

చిత్తగించవలెను.

ఇట్లు,
తమరి విధేయుడు,
రెండో తరగతి సర్టిఫికెట్ గల బాయిలర్ అటెండెంటు (రిటైర్డ్)

జతపరిచినది: సాక్ష్యం నిమిత్తం అర అంగుళం ఇత్తడి డమ్మీ, ఒకటి. చూశాక తిరిగి పంపగలరు. గాజువాకలో ఎవరిదో గీజరు కారుతోందట, ప్లంబరు అడుగుతున్నాడు.