గొంగడి అద్దెకు ఇవ్వబడును

కాన్సర్ట్ సినిమా అని ఒకటుంది. పాటగాడు వేదికెక్కి పాడతాడు, చుట్టూ కెమెరాలు తిరుగుతాయి, మనం టికెట్టు కొనుక్కొని చూస్తాం. రేపు అలాంటి సినిమా తీసే బృందమేదో మా మెదక్ జిల్లా టేక్మాల్‌కు దిగిందనుకోండి. ఏం జరుగుతుందో పంచాంగం చూడకుండానే చెప్తాను.

డైరెక్టరు గారికి ముందు 'నేటివిటీ' కావాలి. డప్పులవాళ్లు పదిమంది, అందరికీ ఒకే రంగు తలపాగా. గొంగడి ఉండాలి గానీ గొర్రె వాసన రావద్దు. ఒగ్గుకథ చెప్పే పెద్దమనిషి ముందుకొస్తే, "తాతా, జర పక్కకు జరుగు, లైటుకు అడ్డమొస్తున్నవ్" అంటారు. దరువు మావాళ్లది రికార్డు చేసుకుంటారు, దానిమీద పాట ముంబయి గొంతు పాడుతుంది. చివర్లో పేర్లు పడేటప్పుడు మావాళ్లంతా కలిపి 'మరియు గ్రామస్థులు'. ఇదేమిటని అడిగితే ప్రాతినిధ్యం ఇచ్చాం కదా అంటారు. ఇచ్చారు, పెళ్లిపందిట్లో మామిడాకుకు ఇచ్చినంత. అది లేనిదే పెళ్లి కాదు, బంతి భోజనానికి మాత్రం దాన్నెవరూ పిలవరు.

నిజంగా తీసిన ఒక కాన్సర్ట్ సినిమా సంగతి చెప్తాను. 1972 జనవరిలో లాస్ ఏంజెలెస్‌లోని వాట్స్ పేటలో, ఒక నల్లవాళ్ల చర్చిలో, అరెతా ఫ్రాంక్లిన్ రెండు రాత్రులు పాడింది. సోల్ సంగీతానికి మహారాణి ఆమె. అయినా ఆ రెండు రాత్రులూ ఎక్కువగా చిన్ననాటి నుంచి పాడుకున్న భక్తిపాటలే పాడింది. వెనక వంతపాడింది గాయకబృందం, ఎదురుగా కూర్చున్నది ఆ చర్చికి వచ్చిన జనం. రోలింగ్ స్టోన్స్ రాక్ బృందం గాయకుడు మిక్ జాగర్ అంతటివాడు వచ్చి వెనక వరుసలో కూర్చున్నాడు. మన దగ్గరైతే సోఫా వేసి, పాట మధ్యలో ఆపి, శాలువా కప్పి, 'రెండు మాటలు' అరగంట మాట్లాడించేవాళ్లం! ఆ రెండు రాత్రులనూ సినిమాగా తీసిన డైరెక్టరు సిడ్నీ పోలాక్ క్లాప్ బోర్డుల సంగతి పట్టించుకోలేదు. దాంతో బొమ్మకూ గొంతుకూ జత కుదరక మొదలైన చిక్కులతో ఆ సినిమా 2018 దాకా జనం ముందుకు రాలేదు. మన తెరమీద బొమ్మ ఒకరిది, గొంతు ఇంకొకరిది, బతుకు మరొకరిది. దాన్ని లోపమని ఎవరూ అనరు, అదే మన పద్ధతి.

జత కుదిరిన రోజు మనకూ ఉంది. 1980లో వచ్చిన 'మా భూమి'లో తూప్రాన్ బిడ్డ గద్దర్ గొంగడి భుజానేసుకొని తెరమీదకొచ్చి తన గొంతుతోనే పాడాడు. ఆ సినిమా నిర్మాతల్లో ఒకరైన బి. నర్సింగరావుది ప్రజ్ఞాపూర్. ఇద్దరూ పాత మెదక్ జిల్లావాళ్లే. తర్వాత 'ఒరేయ్ రిక్షా' సినిమా పాటకు నంది అవార్డు ఇస్తామంటే గద్దర్ వద్దన్నాడు. 2023లో ఆయన పోయాడు. ఇప్పుడు నంది స్థానంలో తెలంగాణ ప్రభుత్వం ఇచ్చే సినిమా అవార్డుల పేరే గద్దర్! 2025 జూన్ 14న హైటెక్స్‌లో మొదటిసారి పంచారు. ఉత్తమ చిత్రం 'కల్కి 2898 ఏడీ'. వందల కోట్ల సినిమా చేతికి గోచీ గొంగళ్ల మనిషి పేరు. వద్దనే మనిషి లేని సమయం చూసి ఇవ్వడంలో మన సర్కారుకున్న నేర్పు ఇంకెవరికీ రాదు.

ఇక కిన్నెర వాయించే మొగులయ్య. 'భీమ్లా నాయక్' సినిమా టైటిల్ పాట ఆయన గొంతుతోనే మొదలవుతుంది. 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన హైదరాబాద్ శివార్లలో కట్టడం దగ్గర కూలిపని చేస్తూ కనిపించాడు. తెరకు ఆయన గొంతు కావాలి. ఆ గొంతులో దిగే ముద్ద సంగతి తెరకెందుకు?

కనుక రాబోయే డైరెక్టరు గారికి మనవి. డ్రోన్లు మీరు తెచ్చుకోండి, కుర్చీలు మేం వేస్తాం. డప్పు కొట్టేవాళ్లు, ఒగ్గుకథ చెప్పేవాళ్లు, వాళ్ల ఇంటివాళ్లు ముందు వరుసలో. పేర్లు ఇంటిపేర్లతో సహా రాసిస్తాం, ఒక్కటి తప్పకుండా తెరమీద వేయండి. కూలి డబ్బు పాటకు ముందే చేతిలో పెట్టండి. మీకూ, మీ వెంట వచ్చే పెద్దలకూ కుర్చీలు వెనక గోడ దగ్గర ఉంచాం.